ఐదక్షరాలు, చివర వై

కళ్ళజోళ్ళ షాపాయన మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెబితే మీరు నమ్మరు. వీధి మలుపులో ఇరుకు షాపు, ఒక గోడ నిండా ఫ్రేములు, ఎదురుగోడకి అక్షరాల చార్టు, మధ్యలో తిరిగే కుర్చీ. కుర్చీలో కూర్చున్నవాళ్ళ చూపు సరిచేసి పంపడం ఆయన పని. కబుర్లు చెప్పడం ఆయన జబ్బు. పోనీ తిన్నగా చెబుతాడా? సగం మాట అని ఆగిపోతాడు. ఎదుటివాళ్ళ ముక్కు మీది కళ్ళజోడు లాక్కుని, జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి, అటు తుడిచి, ఇటు తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ వాళ్ళ ముక్కు మీద పెట్టాకగానీ మిగతా సగం చెప్పడు. కళ్ళజోడు ఆయన చేతిలో ఉండగా పాపం వాళ్ళు మాత్రం ఎక్కడికి పోతారు?

ఆయన భార్య స్కూలు వ్యాను నడుపుతుంది. పిల్లలకి ఆవిడ వ్యానత్త. ఆకుపచ్చ వ్యాను, లోపల ఎప్పుడూ సంతలా గోల. వ్యాను మలుపు తిరిగే వేళకి షాపాయన గుమ్మంలోకొచ్చి చెయ్యి ఊపుతాడు. ఒక్కోసారి పాలవ్యానుకి కూడా ఊపుతాడు, అదీ ఆకుపచ్చదే మరి. పాలవ్యాను డ్రైవరు మర్యాదస్థుడు, తిరిగి చెయ్యి ఊపి పోతాడు.

ఇంట్లో మూడో మనిషి మామగారు, అంటే వ్యానత్త నాన్న. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యారు. భోంచేసేటప్పుడు ఇంగ్లీషు మాటలు నాలుగు నోట్లో ఆడితే తిన్నది బాగా అరుగుతుందని ఆయన నమ్మకం. అందుకని నెలకో ఆట పెడతారు. ఈ నెల ఆట ఐదక్షరాల మాట, చివర వై ఉండాలి. మాట చెప్పాలి, అక్షరాలు చెప్పాలి, అర్థం చెప్పాలి, ఒక ఉదాహరణ కూడా చెప్పాలి. నోరు పెగలకపోయినా, ఎవరైనా ఒకసారి వాడేసిన మాట మళ్ళీ అన్నా, ఆ పూట గిన్నెలు వాళ్ళే తోమాలి. వాడిన మాటలన్నీ మామగారి బుర్రలో భద్రం. బీపీ మాత్ర మర్చిపోతారేమోగానీ అవి మాత్రం మర్చిపోరు.

మొదటి రోజే ఆయన మంచినీళ్ళ గ్లాసు అల్లుడి ఒళ్ళో ఒలకబోశారు. "సారీ!" అని, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఎస్, ఓ, ఆర్, ఆర్, వై. క్షమాపణ. ఉదాహరణ, అల్లుడుగారి ప్యాంటు. నా వంతు అయిపోయింది!" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. ఆ మాట అలా ఖర్చయిపోవడం తన కొంప ముంచుతుందని షాపాయనకి అప్పుడేం తెలుసు!

ఆ తర్వాత వారంలోనే జరిగింది ఘనకార్యం. సాయంత్రం స్కూలు గేటు దగ్గర పిల్లల కోసం పెద్దవాళ్ళు నిలబడి ఉన్నారు. పనిమీద అటు వెళ్ళిన షాపాయనకి అంతమంది ఒక్కచోట కనబడేసరికి నాలుక దురద పెట్టింది. షాపు గురించి నలుగురికీ తెలిసినట్టుంటుందని మొదలెట్టాడు.

"మా ఆవిడ సంగతి వినండి. నా చార్టులో అన్నిటికంటే పెద్ద అక్షరం కూడా కనబడేది కాదండీ ఈవిడకి..."

అక్కడ ఆగాడు. అలవాటు కదా! పక్కనున్న బామ్మగారి కళ్ళజోడు లాగి తుడవడం మొదలెట్టాడు. అటు తుడిచాడు, ఇటు తుడిచాడు. ఈలోగా గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ వచ్చిపడ్డారు. బామ్మగారు కళ్ళజోడు లాక్కుని మనవణ్ణి చంకనేసుకున్నంత పని చేసి నడిచిపోయింది. "అదంతా నేను అద్దాలు ఇవ్వకముందు మాట, ఇప్పుడు డేగ కళ్ళు" అన్న మిగతా సగం ఆయన నోట్లోనే ఉండిపోయింది.

బయటికొచ్చిన సగం మాత్రం ఊరు చుట్టేసింది. వ్యాను నడిపే మనిషికి చూపు లేదట! మొగుడే చెప్పాడట! మర్నాటినుంచి ఒక్కొక్కరే పిల్లల్ని మానిపించారు. షాపాయన ఇంటింటికీ తిరిగి మిగతా సగం చెప్పుకున్నాడు. "పెళ్ళాన్ని వెనకేసుకు రాకపోతే ఎలా లెండి" అని జాలిగా నవ్వి తలుపులేశారు. ఇలాగే ఉంటే వేరే వ్యాను చూసుకుంటామని స్కూలువాళ్ళు కూడా కబురు పెట్టారు. ఆ వ్యాను ఆవిడకి ప్రాణం. దాని చక్రాల మట్టి కూడా ఇంకొకర్ని కడగనివ్వదు.

వ్యానత్త అరవలేదు, ఏడవలేదు. మొగుడితో మాట్లాడటం మానేసింది, అంతే. కానీ ఆట మానలేదు. రోజూ వాళ్ళ నాన్న వైపే చూసి తన వంతు చెప్పేది.

"నాన్నా, సిల్లీ. తెలివితక్కువ. ఉదాహరణ, కొందరి కబుర్లు."

"హేస్టీ. తొందరపాటు. ఉదాహరణ, కొందరి నోరు."

"భేష్! అక్షరాలు కూడా చెప్పమ్మా" అనేవారు మామగారు. కూతురూ అల్లుడూ ఏమైపోయినా ఆయనకి ఆట రూలు రూలే. షాపాయన తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని తినేవాడు.

ఒక రాత్రి ఆవిడ వంతు వచ్చింది. నెమ్మదిగా చెప్పింది.

"ఎంప్టీ. ఇ, ఎం, పి, టి, వై. ఖాళీ. ఉదాహరణ, నా వ్యాను."

మామగారు కూడా భేష్ అనలేదు. షాపాయన చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆవిడ ముఖంలోకి చూసి, "సారీ" అన్నాడు. "ఎస్, ఓ..."

"వాడేశాం అల్లుడుగారూ" అన్నారు మామగారు. "మొదటి రోజే. మీ ప్యాంటు మీద."

"మావయ్యగారూ, ఇది ఆట కాదండీ!"

"అయితే ఆట మధ్యలో ఎందుకన్నారు?" అన్నారాయన. తర్వాత కాస్త మెత్తబడి, "మాట పోగొట్టినచోటే వెతుక్కోవాలిగానీ, కంచం ముందు కాదు నాయనా" అన్నారు.

షాపాయన గిన్నెలు తోముతూ రాత్రంతా కాకపోయినా చాలాసేపు ఆలోచించాడు.

మర్నాడు సాయంత్రం స్కూలు గేటుకి అక్షరాల చార్టు వేలాడింది. పక్కన షాపాయన. ఈసారి జేబులో గుడ్డ లేదు, కావాలనే ఇంట్లో పెట్టొచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, కథ తోక నుంచి మొదలెట్టాడు.

"మా ఆవిడకి డేగ కళ్ళు! అద్దాలు పెట్టుకున్నప్పటినుంచీ అంతే. మొన్న నేను సగమే చెప్పి చచ్చాను. తప్పు నాదండీ, ఆవిడది కాదు. కావాలంటే మీరే చదివించండి."

ఖాళీ వ్యాను పక్కన నిలబడ్డ వ్యానత్తకి తల కొట్టేసినంత పనయింది. కానీ అందరూ చూస్తుంటే వెనక్కి తగ్గే మనిషి కాదు. అక్కడినుంచే పై వరస నుంచి అట్టడుగు వరస దాకా గడగడా చదివేసింది.

"మొగుడి షాపులో చార్టేగా, బట్టీ పట్టుంటుంది" అంది బామ్మగారు.

"అలాగా బామ్మగారూ? అయితే వీధి చివర టైర్ల షాపు బోర్డు కింద ఫోన్ నంబరుంది. చెబుతాను, కొట్టండి."

ఆవిడ ఒక్కో అంకే చెబుతుంటే బామ్మగారు అనుమానంగా నొక్కింది. వీధి చివర టైర్ల షాపాయన ఫోను చెవిన పెట్టుకుని, "హలో, ఎవరండీ? ఏ సైజు కావాలి?" అంటూ గుమ్మంలోకొచ్చాడు. గేటు దగ్గర జనం గొల్లుమన్నారు.

"ఇప్పుడు మా ఆయన్ని చదవమనండి" అంది వ్యానత్త.

షాపాయన కళ్ళు చికిలించాడు. మెడ సాచాడు. రెండడుగులు ముందుకేశాడు.

"ఏ బోర్డు?" అన్నాడు.

ఇంక చూస్కోండి! పిల్లలు, పెద్దలు, గేటు కాపలా మనిషి, అందరూ కడుపులు పట్టుకున్నారు. షాపాయన చెవులు ఎర్రబడ్డాయి. చార్టు ఆయనకి కంఠతా వచ్చు, అందుకే ఇన్నాళ్ళూ దొరకలేదు. కబుర్లతో తప్పించుకోవచ్చు, ఆ విద్య ఆయనకి బాగానే వచ్చు. కానీ ఖాళీ వ్యాను ఎదురుగా ఉంది.

"కనబడటం లేదండీ" అన్నాడు. "చూపు తగ్గింది నాకు. కళ్ళజోళ్ళవాడికే కళ్ళజోడా అని నవ్వుతారని పెట్టుకోలేదు. నేను మా ఆవిణ్ణి నవ్వులపాలు చేశాను. ఇప్పుడు నన్ను చూసి నవ్వండి."

నవ్వారు, మొహమాటపడకుండా. బామ్మగారు కళ్ళు తుడుచుకుంటూ మనవణ్ణి తీసుకెళ్ళి వ్యాను ముందుసీట్లో కూర్చోబెట్టింది. ఆ వెనక ఇంకొకడు ఎక్కాడు. తర్వాత కిటికీ పక్క సీటు కోసం ఎప్పటిలాగే కొట్లాట మొదలైంది.

ఆ సాయంత్రం షాపాయన తన కుర్చీలో తనే కూర్చోవలసి వచ్చింది. ఫ్రేము వ్యానత్తే ఎంచింది. నోరు విప్పకుండా, ఉన్నవాటిలో అన్నిటికంటే వెడల్పాటిది, నారింజరంగుది తీసి ఆయన ముక్కుకి తగిలించింది. కిక్కురుమనకుండా పెట్టుకున్నాడు.

భోజనాల దగ్గర అల్లుణ్ణి చూసి మామగారికి పొలమారింది. తేరుకుని, "ఊఁ, అమ్మా, నీ వంతు" అన్నారు.

"మ్యారీ" అంది ఆవిడ. "ఎం, ఎ, ఆర్, ఆర్, వై. పెళ్ళి చేసుకోవడం. ఉదాహరణ, నాకింకా కళ్ళజోడు రాకముందు చేసిన పని."

మామగారు భేష్ అన్నారు. షాపాయన మాత్రం నవ్వలేకపోయాడు. కొత్త కళ్ళజోడు మసకబారిపోయింది, తుడుచుకుందామంటే జేబులో గుడ్డ లేదు. ఎందుకంటే ఈసారి ఆవిడ ఆ మాట వాళ్ళ నాన్న వైపు చూసి అనలేదు. ఆయన వైపే చూసి అంది.

"మీ వంతు, చెప్పండి" అని కూడా అంది.

ఆయనకి ఒక్క మాటా తోచలేదు. ఆ పూట గిన్నెలు మళ్ళీ ఆయనే తోమాడు, ఆవిడ పక్కన నిలబడి కడిగింది.