కొత్త కుండ, కడుపు నొప్పి

దేశం వదిలొచ్చి మేం స్థిరపడ్డ టార్నీట్‌లో మా తెలుగువాళ్లకి నేనొక చిన్నపాటి యాత్రాపండితురాలిని. గ్వాటెమాలా నుంచి తిరిగొచ్చిన నెలలోనే, వెళ్లాలనుకునేవాళ్ల కోసం రెండు పేజీల పరిచయం రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అగ్నిపర్వతాల మధ్య సరస్సు, సాయంత్రమైతే శాలువా కప్పుకోవాల్సిన చలి, పూలు కుట్టిన జాకెట్లు వేసుకున్న ఆడవాళ్లు, అన్నీ రాశాను. తిండి దగ్గరికొచ్చేసరికి ఒకటే ముక్క: "శాకాహారులకి కష్టం. రైస్ కుక్కర్ మర్చిపోవద్దు."

అసలు జరిగింది రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సరస్సు ఒడ్డున ఒక పెద్దావిడ ఇంట్లో నేనూ మా ఆయనా మూడు రోజులు దిగాం. మేం మాంసం ముట్టమని మా గైడ్ ఆవిడకి ముందే చెప్పాడు. అక్కడ నల్ల చిక్కుడు గింజల్లో పంది కొవ్వు వేయడం మామూలే. అందుకని ఆవిడ మాకోసం కొత్త కుండ కొనితెచ్చి, కొవ్వు లేకుండా గింజలు ఉడికించి, మొక్కజొన్న రొట్టెలు చేత్తో తట్టి కాల్చింది. గైడ్ ఆ కుండ చూపించి మరీ చెప్పాడు.

"కుండ కొత్తదే, గరిటె పాతదేగా?" అన్నారు మా ఆయన, నా చెవిలో.

నేనూ అంతే, ఆవకాయ లేనిదే ముద్ద దిగదాయె! నాకు కడుపు నొప్పనీ, ఆయన నా దగ్గరే ఉండాలనీ గైడ్ చేత చెప్పించి, గదిలో తలుపేసుకుని, కుక్కర్‌లో అన్నం వండుకుని తిన్నాం.

కాసేపటికి తలుపు తట్టిన చప్పుడు. ఆవిడే, చేతిలో చామంతి పూల కషాయం. నేను తాగేదాకా కదల్లేదు. వెళ్తూ నా పొట్ట మీద చెయ్యి వేసి ఏదో ప్రార్థన చేసింది. గదంతా ఆవకాయ వాసన. ఆ మూడు రోజులూ నేను అబద్ధమాడుతూనే ఉన్నాను, ఆవిడ కషాయం కాస్తూనే ఉంది. ఛీ, ఏం మనిషిని నేను!

మొన్న మా వీధిలోని కొత్త జంట, నా పేజీలు చదివి, అదే ఇంట్లో దిగి వచ్చారు. ఆ అమ్మాయి మా ఇంటికొచ్చింది.

"ఆంటీ, కుక్కర్ బాక్స్‌లోంచి తియ్యనే లేదు. ఆ బీన్స్ సూపర్! మీరేంటి అలా రాశారు?"

"మా నాలుకలు వేరులే అమ్మా," అన్నాను.

"అన్నట్టు, ఆవిడకి మీ ఫోటో చూపించా. వెంటనే గుర్తుపట్టి, కడుపు నొప్పి తగ్గిందా అని అడిగింది ఆంటీ! మీకోసం కొన్న కుండలో మాంసం వండకుండా విడిగా దాచిందట, మళ్లీ వస్తారని. ఆవిడ నంబర్ తెచ్చుకున్నా, ఏం మెసేజ్ పెట్టమంటారు?"

నాకు తల కొట్టేసినట్టయింది. నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను రాదు. నోరు తెరిచాను కూడా.

"తగ్గిందని చెప్పమ్మా," అన్నాను. "ఆవిడ కషాయంతోనే తగ్గిందని చెప్పు."