కొండమీద గడ్డకట్టిన మొయినాబాద్ డీజిల్

ఆఫీసులో నన్ను బెంచి మీద కూర్చోబెట్టి మూడు నెలలు దాటింది. ప్రాజెక్టు లేదు, జీతం మాత్రం వస్తోంది. పొద్దున్నే చేవెళ్లలో కంపెనీ బస్సెక్కడం, గండిపేట మలుపుల్లో కునికిపాట్లు పడటం, ఏసీలో కూర్చుని మెయిలు తెరిచి మూసి మళ్లీ తెరవడం. కాళ్లు ఒక్కచోట నిలిచేవి కావు. అలాంటప్పుడు, ఆలూరులో ఉండే మా మేనమామ ప్రభుదాసు సిమ్లా పైన నార్కండ నుంచి, కోల్డ్ స్టోరేజీలో దాచిన ఆపిల్ లోడు తేవడానికి లారీ తీస్తున్నాడని తెలిసింది. జనవరి నెల. పది రోజులు సెలవు పెట్టేశాను.

"లారీల మొగోళ్లకే నడుములు ఇరుగుతయ్, నువ్వేం జేస్తవ్ కోడలా?" అన్నాడు మామ.

"కుర్చీల కూసొని ఇరగ్గొట్టుకునుడు కన్న నయమే మామా."

నాగపూర్ దాటి ఎన్నడూ పోని మామకు ఇదే మొదటి కొండ ప్రయాణం. లోడు చెడిపోకుండా చేరితే ఏడాది పొడుగునా ఆపిల్ పని తనకే ఇస్తానని హైదరాబాద్ పండ్ల వ్యాపారి మాటిచ్చాడు. చెడిపోతే మళ్లీ పిలవడు. మామ ఆ సంగతి రోజుకు నాలుగుసార్లు చెప్పేవాడు.

ఉదయం అయిదింటికి చేవెళ్లలో బయలుదేరి మొయినాబాద్ బంకులో ఆగాం. ట్యాంకు నింపాక, వెనక కట్టిన వంద లీటర్ల డ్రమ్ములు రెండింటిలోనూ డీజిల్ పోయించాడు మామ. ఇరవై ఏళ్లుగా ఆయనకు అదే బంకు. "బయట బంకులల్ల ఏం కలుపుతరో ఎవనికెరుక? ఘాట్ ఎక్కేటప్పుడు మన డీజిలే ఉండాలె" అన్నాడు. స్టీరింగ్ మీద అరచేయి పెట్టి, కళ్లు మూసి ప్రభువును తలుచుకుని బండి కదిలించాడు.

నాగపూర్, ఝాన్సీ, ఢిల్లీ పక్కనుంచి అంబాలా, ఆపైన కొండ మొదట్లోని కల్కా: నాలుగు రోజులు పట్టింది. ఢాబాల్లో ఇద్దరి భోజనం వంద లోపే అయ్యేది. మైదానంలో దారి బంకుల్లో సణుక్కుంటూ పోయించుకున్నాడు. అయిదో రోజు తెల్లవారుజామున కల్కాలో ట్యాంకు అడుగంటగానే రెండు డ్రమ్ములూ అందులోకి వంపి, "ఇగ ఫికర్ లేదు" అన్నాడు. మధ్యాహ్నానికి నార్కండ చేరాం, చీకటి పడేలోపు పెట్టెలు ఎక్కించేశారు. ఢాబా పైన గది మూడు వందలు. నేను అందులో, మామ క్యాబిన్‌లో పడుకున్నాం.

పొద్దున ఆరున్నరకు లారీ స్టార్టయింది. రెండు నిమిషాలు నడిచి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్, మళ్లీ ఆగడం. మామ ఫిల్టర్ విప్పితే అందులో తెల్లగా, ముద్దగా, పేరుకున్న నెయ్యిలా ఉంది. ఆయన దాన్ని వేలితో తీసి వాసన చూశాడు.

ఢాబా నడిపే శాంతాదేవి చాయ్ గ్లాసులతో వచ్చింది. ఆమె పహాడీ హిందీకీ మామ హైదరాబాదీ హిందీకీ పొంతన లేదు, అయినా అర్థమైంది.

"ట్యాంకులో ఏం పోశావు?"

"మా ఊరి డీజిల్. ఒక్క చుక్క కల్తీ లేదు."

"మీ ఊళ్లో చలి పెడితే ఏం కప్పుకుంటావు?"

"తువ్వాల."

"మరి ఇక్కడ నీ డీజిల్‌కు స్వెట్టరేదీ?"

డీజిల్‌లో ఉండే మైనం ఈ చలికి గడ్డకడుతుందట. చలికాలంలో కొండ బంకులకు వచ్చే డీజిల్ వేరట. మామ నమ్మలేదు. "మామా, చలికి ఇంట్ల కొబ్బరినూనె గడ్డకట్టదా? గిదీ గంతే" అన్నాను. "తలకు పెట్టే నూనె, బండికి పోసే నూనె ఒకటేనా?" అని కసిరాడు. ట్యాంకు కింద మంట పెడతానని కట్టెలు ఏరబోతే శాంతాదేవి చీపురెత్తింది. చివరికి ఆమె మరిగించిన నీళ్లు, గోనెగుడ్డ చుట్టిన ఫిల్టర్ మీద పోశాం. బండి అయిదు నిమిషాలు నడిచింది. ట్యాంకులోంచి మళ్లీ మైనమే వచ్చింది.

తొమ్మిదిన్నర. కిందినుంచి వచ్చిన డ్రైవరొకడు మధ్యాహ్నానికి మంచు పడుతుందని, పడితే దారి రెండు మూడు రోజులు మూస్తారని చెప్పాడు. ఆ చలిలో ఆపిల్ గడ్డకడితే, కరిగాక మెత్తబడి కుళ్లిపోతుంది. మామ టార్పాలిన్ అంచులు పట్టుకుని లాగుతున్నాడు, కప్పింది మళ్లీ కప్పుతున్నాడు.

"క్యాన్లు ఇయ్యి మామా, కింది బంకుకు పోయొస్త."

"గా బంకు డీజిల్ నా బండిల పొయ్య."

"పొయ్యకు. తెచ్చి పక్కన పెడ్త. సూస్కుంట కూసో."

షేర్ జీపులో మనిషికి పదిహేను రూపాయలు. తిరుగు జీపు వెంటనే దొరకలేదు. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు కాళ్ల దగ్గర పెట్టుకుని రోడ్డు పక్కన నలభై నిమిషాలు నిలబడ్డాను. పావు తక్కువ పన్నెండుకు తిరిగొచ్చేసరికి మామ వెంట తెచ్చుకున్న కొత్త ఫిల్టర్ బిగించి, ఇంజిన్‌కు డీజిల్ తీసుకెళ్లే పైపునూ, మిగిలింది వెనక్కి తెచ్చే పైపునూ ట్యాంకులోంచి ఊడదీసి పట్టుకుని ఉన్నాడు. నా మొహం చూడకుండా, "ఏ క్యాన్ల పెట్టాలె?" అన్నాడు.

గడ్డకట్టిన ట్యాంకుతో పని లేకుండా, క్యానును దాని పక్కన తాళ్లతో కట్టి, పైపులు అందులోకి దింపాం. డీజిల్‌ను ఇంజిన్‌కు లాగే చేతిపంపు కొట్టి కొట్టి మామ బొటనవేలు బొబ్బలెక్కింది. పన్నెండున్నరకు ఇంజిన్ అందుకుంది, ఈసారి ఆగలేదు. మలుపుల్లో మొదటి మంచు పొరలు అద్దం మీద పడ్డాయి. దిగువన ఠియోగ్ ఊరి దగ్గర పోలీసులు పైకి వెళ్లే బండ్లను ఆపేస్తున్నారు. మమ్మల్ని చేత్తో తొందరపెట్టి కిందికి పంపారు. అక్కడ మామ గట్టిగా ఊపిరి వదిలి, "మొయినాబాద్ చలికి మొయినాబాద్ డీజిల్ మంచిదే కోడలా. తప్పు దానిది గాదు" అన్నాడు.

లోడు చెక్కుచెదరకుండా హైదరాబాద్ చేరింది. నేను మళ్లీ బెంచి మీదే ఉన్నాను. పది రోజులూ క్యాబిన్‌లో కాళ్లాడిస్తూనే ఉన్నాను. క్యాన్లతో రోడ్డు మీద నిలబడ్డ ఆ నలభై నిమిషాలు మాత్రం, జీపు ఎప్పుడొస్తుందా అని గుండె కొట్టుకున్నా, ఇంకెక్కడైనా ఉంటే బాగుండునని ఒక్కసారీ అనిపించలేదు. ఆ మధ్యాహ్నం మామకు నేను కావాలి, నాకూ అది తెలుసు. సోమవారాల్లో ఎనిమిదింటి బస్సెక్కేటప్పుడు ఆ సంగతే మెదులుతుంది.

చలికాలంలో డీజిల్ బండితో కొండలెక్కేవాళ్లు ట్యాంకు దాదాపు ఖాళీగా చేరండి. పైన చివరి బంకులో సాయంత్రమే నింపించుకుని, ఆ డీజిల్ ఫిల్టర్ దాకా పాకేలా ఇంకో అరగంట బండి నడిపి, అప్పుడు ఆపండి.