పిల్లకాలువ గట్టున మా డబ్బా

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు ఒక యంత్రం నమూనాను నా బల్ల మీద పెట్టి, పరీక్షలన్నీ అయిపోయాయి సార్, మార్కెట్లోకి వదలడానికి మీ సంతకం ఒక్కటే తక్కువ అన్నారు. ఎండలో పెట్టి చూశారు, నీళ్ళలో ముంచి చూశారు, ఎత్తు నుంచి పడేసి చూశారు, అన్నింటికీ ఎదురుగా పచ్చగుర్తులు ఉన్నాయి. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయినా ఎందుకో కలం మూత తీయబుద్ధి కాలేదు. రేపు చూద్దాం అని వాళ్ళను పంపేసి, చల్లారిన టీ ముందు కూర్చుని, ఈ వయసుకే ఇంత అలసట ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతుక్కుంటే, అది బాన్సువాడ దాకా వెళ్ళి ఆగింది.

ఇంజనీరింగు చదివి, ఉద్యోగం వదిలేసి, మనమే ఏదో ఒక వస్తువు తయారుచేసి అమ్ముదాం అనుకున్న వాళ్ళు మన ఈడువాళ్ళలో ఊరికొకరైనా ఉంటారు. మా ఊళ్ళో నేనూ నా దోస్తూ. బాన్సువాడలో ఒక వెల్డింగు దుకాణం మీద గది కిరాయికి తీసుకున్నాం. కింద ఇనుము కోసే చప్పుడు, పైన మేం తీగలు అతికే పొగ, మధ్యలో ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. మేం చేయాలనుకున్న వస్తువు చెప్పడానికి చాలా చిన్నది. నిజాంసాగర్ నీళ్ళు పిల్లకాలువలోకి రాగానే, ఎవరి వంతయితే వాళ్ళకు తానే ఫోన్ చేసే డబ్బా. లోపల ఒక సిమ్ కార్డు, బ్యాటరీ, నీటి మట్టంతో పాటు లేచే తేలుడు బంతి, పైన అరచేయంత సోలార్ పలక. మొదటి డబ్బా వానకు నిండా నీళ్ళు తాగింది, రెండోదాని తీగలు ఎలుకలు కొరికాయి, మూడోదానికి ఒక బర్రె ఎంతో తృప్తిగా వీపు రుద్దుకుంది. ప్రతిసారీ విప్పాం, కారణం కనుక్కున్నాం, మళ్ళీ బిగించాం. అది బాగుపడుతున్న కొద్దీ మేం నలిగిపోతూ వచ్చాం.

నాలుగో డబ్బాను అమ్మకానికి పెట్టేముందు ఒక పంటకాలమంతా నిజమైన పొలం దగ్గర నడపాలని నేను పట్టుబట్టాను. బంతి ఇరుక్కోకూడదు, నీళ్ళు లేనప్పుడు ఫోన్ పోకూడదు, వచ్చినప్పుడు పోకుండా ఉండకూడదు, ఒకరు ఎత్తకపోతే తర్వాతి వాళ్ళకు కబురు అందాలి. ఈ షరతుల్లో ఏది తప్పినా మళ్ళీ మొదటికి రావాలన్నది నా లెక్క. పొలం మా మేనత్త ఇచ్చింది. మామ నడుము పడిపోయి మంచం మీదే ఉండడంతో సేద్యమంతా ఆమె చేతి మీదే నడిచేది. పరీక్ష అంటే ఏమిటో ఆమె అడగలేదు, పెట్టుకో అల్లుడా అన్నది, అంతే.

ఆ పిల్లకాలువ మీద పై పొలం, తాతల నాడు కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబానిది. అలా వచ్చినవాళ్ళ పల్లెలను అక్కడ క్యాంపులంటారు, అందుకే దాన్ని చూసుకునే ముసలాయనను అందరూ క్యాంపు పెద్దాయన అనేవాళ్ళు. ఆయన తర్వాత మా అత్త పొలం, చివర ఆమె మరిది పొలం. అక్కడొక పద్ధతి ఉండేది. తన మడి నిండినవాడు తూము మూసి, తర్వాతి వాళ్ళకు ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేదాకా గట్టు మీదే ఉండేవాడు. బీడీ కాల్చేవాడు, కలుపు పీకేవాడు, వచ్చినవాళ్ళతో పంట సంగతి, పెళ్ళి సంగతి మాట్లాడి అప్పుడు ఇంటికి పోయేవాడు. ఆ ఎదురుచూపు వాళ్ళకు తప్పించడమే మేం చేస్తున్న మేలనుకున్నాం. పెద్దాయన తూము కిందుగా డబ్బా బిగించాం. ఆయన తూము మూయగానే అక్కడ మట్టం పెరుగుతుంది, డబ్బా అత్తకు ఫోన్ చేస్తుంది, ఆమె ఎత్తకపోతే మళ్ళీ మళ్ళీ చేసి చూసి, చివరికి మరిదికి చేస్తుంది.

యాసంగి వరి పొట్ట మీద ఉంది. ఆ తడి అందకపోతే గింజ తాలుపోతుంది. మా అత్త పొలమైతే అప్పటికే నెర్రెలు విచ్చింది, కాలువ మర్నాడు పొద్దునకు కట్టేస్తారని, మళ్ళీ వదిలేది తర్వాతి విడతకేనని కబురు. నీళ్ళు మధ్యాహ్నం వచ్చాయి. పెద్దాయన మడి నింపుకొని, తూము మూసి, ఇక చెప్పాల్సింది డబ్బా చెబుతుంది కదా అని నిశ్చింతగా ఇంటికి వెళ్ళిపోయాడు. మేం గదిలో కూర్చుని, డబ్బా ఫోన్ చేసిందని మాకూ మెసేజ్ రాగానే ఒకరి చేతులు ఒకరం కలుపుకున్నాం.

కళ్ళారా చూద్దామని బండి మీద పొలానికి చేరేసరికి అత్త బిచ్కుంద వారపు అంగడి నుంచి వచ్చిన ఆటో దిగి, సంచి గట్టు మీదే పడేసి, మరిది ఎదురుగా నిలబడి ఉంది. ఆమె తూము మూసి ఉంది, మరిది తూములో నీళ్ళు గలగలమంటున్నాయి.

“నా వంతు నీళ్ళు నువ్వెట్ల దిప్పుకుంటవయ్యా?”

“నన్నేమంటవ్ వదినా? డబ్బనే ఫోన్ జేసింది నాకు, నీ వంతు అన్నది. ఇగో, గీళ్ళే పెట్టిండ్రు, గీళ్ళనే అడుగు.”

“డబ్బకు కండ్లు లెవ్వు. నీకు లెవ్వా? నా మడి నెర్రెలిచ్చింది కనవడ్తలేదా? ఒక్క ఫోన్ జేస్తే నీ ముల్లె పోతుండెనా?”

ఆమె మా వైపు తిరిగింది. మీకు డబ్బా నుంచి ఫోన్ రాలేదా అత్తా అని మా దోస్తు మెల్లగా అడిగాడు.

“ఎందుకు రాలే? ఆటోల ఉన్న, వస్తున్న అని కట్ జేసిన. మల్ల జేసింది, మల్ల కట్ జేసిన. ఎన్నిసార్లు జెప్పాలెరా దానికి, వస్తున్న అని?”

మీకు గుర్తుండే ఉంటుంది, ఫోన్లో డబ్బులు అయిపోతాయని మనమంతా మోగించి పెట్టేసిన రోజులు. అవతలివాళ్ళు కట్ చేశారంటే అందింది, బయలుదేరాను అని అర్థం. ఎత్తారంటే మాత్రం గుండె దడదడలాడేది, ఏదో జరిగి ఉంటుందని. ఎంత మాట్లాడినా ఒకటే ఖర్చు అయిన తర్వాత కూడా మా వైపు పెద్దవాళ్ళకు ఆ అలవాటు పోలేదు. మా అమ్మతో నేనూ అలాగే చేసేవాణ్ణి. కానీ బల్ల ముందు కూర్చుని డబ్బాకు నేర్పేటప్పుడు మాకిద్దరికీ కట్ చేయడం జవాబులాగా తోచనేలేదు, పుస్తకంలో చదివిన ప్రకారం అది ఎత్తకపోవడం కిందికే వచ్చింది.

గొడవ విని క్యాంపు పెద్దాయన లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. మరిది అప్పటికి మొండికేశాడు, తన మడి నిండేదాకా తూము మూయనన్నాడు. అది మూయనిదే అత్త తూముకు నీళ్ళెక్కవు, అతని మడి నిండేసరికి కాలువ కట్టేస్తారు. పెద్దాయన అతనితో వాదించలేదు. చేతిలో పార మా అత్తకు అందిస్తూ, “మా మడి నిండే ఉంది కదమ్మా, గట్టు కొట్టి మీవైపు వదులుకోండి. గట్టు నేను మళ్ళీ వేసుకుంటాలే. అసలు నేను ఇంటికి పోకుండా ఉండాల్సింది, నా బుద్ధి తక్కువ,” అన్నాడు. ఆమె పార తీసుకోలేదు, కళ్ళు తుడుచుకుంది. గట్టు మేమిద్దరం కొట్టాం. అత్త రెండు మడుల్లో పైమడి తడిసింది. కింది మడి దాకా ఆ నీళ్ళు చాలలేదు, ఆ మడి గింజ చాలావరకు తాలే పోయింది.

తర్వాత మేం చేసిన మార్పు ఎంత చిన్నదంటే, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. కట్ చేస్తే అందినట్టే లెక్క, తర్వాతి వాళ్ళకు పోకుండా ఆగు అని డబ్బాకు ఒక మాట నేర్పాం. మిగిలిన తడులన్నీ ఏ పొరపాటూ లేకుండా గడిచాయి. వంతు ఒక్కసారి కూడా తప్పలేదు. నా షరతులన్నీ నెగ్గాయి, అమ్మకానికి వస్తువు సిద్ధమైంది. కోతలయ్యాక, పొలం నుంచి డబ్బా విప్పాలా ఉంచాలా అని అడగడానికి వెళ్ళాను. ఉంచమంటుందనే అనుకున్నాను. అత్త తాలు పోయేలా వడ్లు తూర్పారబడుతూ, చేట దించకుండానే చెప్పింది.

“తీసుకపో అల్లుడా. మంచిగనే జేస్తుంది, దాన్ని నేనేమంటలేను. గని గది ఉన్నన్ని దినాలు నాకు మనిషి ఫోన్ జెయ్యడు. మా మరిది గా దినం నుంచి నా తోని గట్టు మీద నిలవడ్తలేడు. అడిగితే, డబ్బ చెప్తది గద వదినా అంటుండు.”

నేను ఏదో చెప్పబోయాను. మీటలు, మార్పులు, వంతు తప్పితే అందరికీ ఒకేసారి ఫోన్ పోయే ఏర్పాటు, ఇలాంటివేవో. ఆమె అన్నీ ఓపికగా విని, ఇంట్లో మజ్జిగ ఉన్నది, తాగి పో అన్నది. డబ్బా విప్పి తెచ్చాను. మా దోస్తు నా మీద కోపం చేశాడు, పరీక్ష నెగ్గిన వస్తువును ఎవరైనా వెనక్కి తీసుకుంటారా అని. ఇంకో ఊళ్ళో, మహమ్మద్ నగర్ వైపు పెడదామన్నాడు. పెట్టవచ్చు. కానీ ఎవరికి ఏం మేలు చేస్తున్నామని వాళ్ళకు చెప్పాలో నాకు మాట దొరకలేదు, అతనికి కూడా మళ్ళీ తీగలు అతికే ఓపిక లేదు. గది ఖాళీ చేసి చెరో ఊరు ఉద్యోగానికి పోయాం. కొన్నాళ్ళు పండగలకు మాట్లాడుకున్నాం.

ఆ తర్వాత అలాంటి వస్తువులు ఎవరెవరో చేశారు, మాకంటే బాగా చేశారు. పోయిన యాసంగిలో అటు వెళ్ళినప్పుడు చూశాను. ఇప్పుడు ఆ పిల్లకాలువ మీద అందరి ఫోన్లలో వంతు కనిపిస్తుంది. నీళ్ళు సమయానికి వస్తాయి, ఎవరి తూము వాళ్ళు తెరుచుకుంటారు, మా అత్త మడులు రెండూ పచ్చగానే ఉన్నాయి, కొట్లాటలు లేవు. పెద్దాయన పోయాడట, ఆ సంగతి మా అత్తకు తెలిసేసరికి దినాలు కూడా అయిపోయాయట. ఆ సాయంత్రం చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి చప్పుడు లేకుండా పారుతున్నాయి, గట్టు మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా మనిషి లేడు.