చురుక్కుమనేదాకా

మా ఊళ్లో ఉభాలు మొదలయ్యాయంటే ఆడవాళ్ల మడమలు పగిలిపోతాయి. రోజంతా బురదలో నిలబడి నాట్లు వేస్తే పగలక ఏం చేస్తాయి! దానికి మా అమ్మ మందు జీడి నూనె. పచ్చి జీడి తొక్కును నిప్పుల మీద కాలిస్తే నల్లటి నూనె కారుతుంది. దాన్ని పుల్లతో పగుళ్లలో మాత్రమే అద్దుతుంది. చేతికంటితే తోలు ఊడగొట్టే నూనె అది. అందుకే చురుక్కుమనగానే తుడిచేసి, కొబ్బరినూనె రాసుకోవాలి. ఎంతసేపు ఉంచాలో కాలే చెబుతుంది.

ఆ మొరటు వైద్యం నాకెప్పుడూ గిట్టదు. ఆమదాలవలసలో ఆయింట్‌మెంట్లు కొని తెచ్చిచ్చేదాన్ని. "నీ గొట్టాం మందు నువ్వే రాసుకో" అని గూట్లో పడేసేది. పైగా ఆవిడ మడమలు నిజంగానే మానేవి. అది చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండేది.

పోయిన వానాకాలం నేను వెళ్లేసరికి అమ్మ అరుగు మీద కాలు చాపుకుని కూర్చుంది. మడమంతా కమిలిపోయి, బొబ్బలు చితికి రసి కారుతోంది.

"ఏటమ్మా ఇది?"

"నూనె రాసాన్నే. ఎంతసేపైనా సురుక్కుమనలేదు. పాతదైపోనాదేమో అని మల్లీ రాసాను."

అలా చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో నొప్పి అన్నదే లేదు. నాకు భయమేసింది.

శ్రీకాకుళంలో డాక్టరు చూసి, నూనెలో లోపమేమీ లేదన్నాడు. షుగర్ వల్ల పాదంలో స్పర్శ పోయిందట. పుండు లోపలికి పాకితే కాలు తీసేయాల్సి వస్తుందని కూడా అన్నాడు. బస్సులో అమ్మని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ కిటికీలోంచి పొలాలు చూస్తూ, "కాలు లేకపోతే ఉభాలకెలా దిగుతానే?" అంది. అప్పుడు ఏడుపు ఆగలేదు నాకు.

చాన్నాళ్లు కట్లు కట్టాక పుండు మానింది. కాలు దక్కింది. కానీ స్పర్శ తిరిగొస్తేనే మళ్లీ మడిలో దిగనిస్తానని గట్టిగా చెప్పాను. అప్పుడప్పుడు కళ్లు మూసుకోమని, అరికాలికి దూది తాకించి అడుగుతుంటాను.

నిన్న కూడా దూది తీసి, "తెలుస్తోందా అమ్మా?" అన్నాను.

"ఆఁ, బాగా తెలస్తన్నాదే" అంది, కళ్లు గట్టిగా మూసుకుని.

నేనింకా దూది తాకించనే లేదు.