మిల్లు గేటు ముందు కూత

నాందేడ్‌లో మేము అద్దెకున్న గదిలో మా ఆయన ఒక్కచోట కుదురుగా కూర్చున్న రోజు నాకు గుర్తులేదు. తింటూ తింటూ లేచేవాడు, గుమ్మం దాకా నడిచేవాడు, మళ్ళీ వచ్చి తినేవాడు. ఎమర్జెన్సీకి ముందు మాట ఇది. బట్టల మిల్లు వాళ్ళు ఆయన్ని తెలుగు మాట్లాడే మా ఊరు కర్ఖేలి నుంచి తీసుకొచ్చింది కబడ్డీ ఆడటానికే. జట్టులో ఆడేవాళ్ళకు మగ్గాల దగ్గర పని ఇచ్చేవారు. అయితే అది బద్లీ పని. పర్మనెంట్ మనిషి రాని రోజే వీళ్ళకు కూలి. పొద్దున్నే గేటు ముందు నిలబడితే, కూలీలను ఎంచే జాబర్ వేలు చూపినవాడు లోపలికి, మిగిలినవాళ్ళు ఇంటికి.

ఆ ఏడు పోటీల్లో గెలిస్తే పర్మనెంట్ చేస్తామని జట్టును చూసుకునే సాహెబు మాటిచ్చాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకూ కాలు నిలవలేదు. రెండో బిడ్డ కడుపులో ఉంది. ఒకరి వేలి కోసం ఎదురుచూసే బతుకు ఇక చాలనిపించేది.

చివరి ఆటకు పక్కింటి మరాఠీ వదినతో కలిసి వెళ్ళాను. బోర్డు మీద అంకెలు రాస్తున్నారు. నేను అక్షరాలు నేర్చుకున్నది పిల్లల పెళ్ళిళ్ళయ్యాక. అందుకే ఎవరు ముందున్నారో మాటిమాటికీ వదిననే అడిగాను. ఆఖరికి ఒక్క పాయింటు వెనకబడి ఉండగా మా ఆయన కూతకు వెళ్ళాడు. ఊపిరి విడవకుండా "కబడ్డీ, కబడ్డీ" అంటూనే ఉండాలి, ఇంకో మాట రాకూడదు. ఇద్దరిని తాకి వెనక్కి తిరిగాడు. ఒకడు చీలమండ పట్టాడు. పాక్కుంటూ గీత వైపు చేయి చాచాడు. ఆ గుంజులాటలో ఆయన నోట చిన్నప్పుడు ఊళ్ళో ఆడిన కూత వచ్చింది: "చెడుగుడు, చెడుగుడు..."

ఆటకు తీర్పు చెప్పే పంచ్ ఈల ఊదాడు. కూత తప్పింది, ఔట్. ఆట పోయింది.

"అగ బాఈ, తుఝా నవరా తెలుగూత్ ఖేళలా!" అని వదిన నవ్వింది. నీ మొగుడు తెలుగులో ఆడాడే అని. నాకు నవ్వు రాలేదు. సాహెబు మా ఆయన వైపు చూడకుండానే జీపెక్కాడు.

ఇంటికి రాగానే మా ఆయన, "మూట కట్టు. పొద్దుగాల బండికి కర్ఖేలి పోదాం," అన్నాడు.

"నేను కట్ట."

"రేపు గేటు కాడ ఏ మొఖం పెట్టుకొని నిలబడాలె?"

"ఉన్న మొఖమే. ఇంకోటి యాడికెల్లి తెస్తవ్?"

"అందరు నవ్వుతరే."

"నవ్వనియ్. నవ్వితే కూలి కోస్తరా?"

ఆయన గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూనే ఉన్నాడు.

పొద్దున నేనూ వెంట వెళ్ళాను. ఒంటరిగా పంపితే దారి మధ్యలో స్టేషన్‌కు తిరిగిపోతాడని నా భయం. గేటుకు ఎదురుగా చాయ్ బండి పక్కన నిలబడ్డాను. జాబర్ వచ్చాడు. నువ్వు, నువ్వు అంటూ వేలు వరస వెంట కదిలింది. మా ఆయన దగ్గరికొచ్చి ఆగింది.

"ఏం పహిల్వాన్, ఏం కూత పెట్టినవ్ నిన్న? జర కబడ్డీ అనుకుంట రా లోపల్కి. నడుమ దమ్ము తెగిందో, ఇంటికే."

వరసంతా గొల్లుమంది. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అంతమందిలో ఒకరి ముందు తల వంచిన మనిషి కాదు. ఒక పాదం వెనక్కి పెట్టాడు. ఇక తిరిగి వచ్చేస్తాడనుకున్నాను. నా కొంగు వేళ్ళ మధ్య నలిగిపోయింది.

ఆయన వంగి మట్టిని తాకి, ఆ చేతిని తొడ మీద కొట్టుకున్నాడు.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

జాబర్‌ను భుజంతో తోసుకుంటూ గేటు దాటిపోయాడు. నవ్వులు ఆగిపోయాయి. లోపల ఎంత దూరం పోయాక ఊపిరి విడిచాడో నాకు కనపడలేదు. మగ్గాల మోత మొదలయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.