విరిగిన పట్టీ మీది తుప్పు

నా చిన్నప్పుడు తిరువూరులో మా వీధి డాక్టరుగారి కారుకు కొత్త డ్రైవరు వచ్చాడు. వచ్చిన వారానికే, దుమ్ము పట్టిన అద్దం మీద వేలితో బొమ్మ గీశానని నా చేత తోటి పిల్లల ముందు గుంజీలు తీయించాడు. వాళ్లు లెక్కపెడుతూ నవ్వారు. అతన్ని ఊరు దాటించాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను.

నెల తిరక్కుండానే కారు వెనక ఎడమవైపు కుంగింది. డ్రైవరు నిన్న విస్సన్నపేట నుంచి మామిడికాయల బస్తాలు వేసుకొస్తూ గుంతలో దించాడని, ఎవరూ అడక్కుండానే నేను డాక్టరుగారికి చెప్పాను. అంతా అబద్ధం. "నాకేం తెలియదండి, పిల్లలు గలవాణ్ణి," అని అతను బతిమాలుతుంటే నాకు పాయసం తాగినట్టుంది. బండి బాగవగానే తాళాలిచ్చి వెళ్లిపొమ్మన్నారు డాక్టరుగారు.

బాగుచేసేది మా తాతయ్యే. సంగతి విని, "చూసినోడివి నువ్వేగా, కొలిచే తాడు నువ్వే పట్టు," అన్నాడు. ముందు తన షెడ్డు నేల మీద చెంబుడు నీళ్లు పోశాడు. "నేల వాలుగా ఉంటే నేరం బండి మీద పడుద్దిరా." నీళ్లు ఎటూ పారలేదు. డిక్కీ ఖాళీ చేయించి, టైర్లలో గాలి సరిచూసి, చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా నా చేత రెండు వైపులా కొలిపించాడు. ఎడమవైపు రెండు వేళ్లు తక్కువ. అప్పుడు కింద దూరి, బరువు మోసే కమాను పట్టీలు విప్పాడు. ఒకటి విరిగి ఉంది. నా బొటనవేలు పట్టుకుని విరిగినచోట రుద్దాడు. ఎర్రటి తుప్పు అంటింది.

"నిన్న విరిగితే మెరవాలండి. ఇది విరిగి చాన్నాళ్లయింది, ఇతను రాకముందే. మిగతావి మోసి మోసి ఇప్పుడు వంగినయ్," అని డాక్టరుగారికి చెప్పాడు.

"మరి వీడు చూశానన్నాడే?"

తాతయ్య నావైపు చూశాడంతే. నిజం చెప్పడానికి చోటిచ్చాడు. నేను, "వేరే కారేమో," అన్నాను.

"పోనీలెండి, చిన్నపిల్లాడు," అన్నాడు డ్రైవరు. మర్నాడు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని నెమలి ఊరి దాకా తిప్పి తెచ్చాడు. దారంతా బొటనవేలు నిక్కరుకు తుడుచుకుంటూనే ఉన్నాను.

అతనికి నిజం ఎన్నడూ చెప్పలేదు. కసి నా స్వభావంలోంచి పోలేదు కూడా. ఎవరి మీదైనా చాడీ నాలుక దాకా వస్తే, ఈ వయసులోనూ నా బొటనవేలు పంచె అంచును వెతుక్కుంటుంది.