కొలంబో రెండువందలు

నా చిన్నప్పుడు, ఖచ్చితంగా చెప్పాలంటే 1966వ సంవత్సరం జూన్ ఇరవై ఐదు, శనివారం, సాయంత్రం నాలుగున్నర గంటలకు, చిత్తూరు బజారు వీధిలో మా తాతయ్య వెంట నడిచి వెళ్ళాను. ఆకాశం మబ్బు పట్టి ఉన్నా చినుకు రాలలేదు. పడమటి గాలికి దుమ్ము లేచి కళ్ళలో పడుతోంది. నాకప్పుడు పదకొండేళ్ళు. తారీఖు విషయంలో నాకు సందేహం లేదు. ఆ తర్వాతి సోమవారమే పక్కింటి అక్క తన నాలుగేళ్ళ కొడుకును వేలూరు ఆసుపత్రిలో చేర్చవలసి ఉంది.

ఆ పిల్లవాడి కుడిపాదం పుట్టుకతోనే లోపలికి వంగి ఉండేది. శస్త్రచికిత్సకు చేర్చే రోజున మూడువందల రూపాయలు కట్టాలన్నారు. ఆ రోజు తప్పితే మళ్ళీ వంతు ఎప్పుడు వస్తుందో తెలియదు. అక్క భర్త కొలంబోలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఆయన డబ్బు పంపే పద్ధతి మా వీధిలో మరి నాలుగిళ్ళకూ ఉన్నదే. బజారు వీధి అంగడాయన తమ్ముడికి కొలంబోలో కొట్టు ఉంది. అక్కడ తమ్ముడికి కడితే ఇక్కడ అన్న ఇచ్చేవాడు. నూటికి రూపాయి కమీషను. చట్టం ఒప్పుకునే దారి కాదది. అయినా ఆ ఇళ్ళకు తెలిసిన దారి అదొక్కటే.

ఆ పద్ధతిలో ఎవరూ లెక్క వేసేవారు కాదు, వేయవలసిన అవసరమూ ఉండేది కాదు. సిలోన్ రూపాయి 1872 నుంచే నూరు సెంట్లు. మనది 1957 ఏప్రిల్ దాకా పదహారణాలు. చిల్లర వేరైనా రూపాయికి రూపాయి సమానం. డాలరుకు అక్కడా నాలుగు రూపాయల డెబ్బై ఆరు పైసలే, ఇక్కడా అంతే. అయితే ఆ జూన్ ఆరున, సోమవారం, మన రూపాయి విలువ తగ్గించారు. డాలరు ఏడున్నర అయింది. సిలోన్ రూపాయి మాత్రం ఉన్నచోటే ఉంది.

అక్క భర్త జూన్ పదిన రెండువందలు కట్టాడు. ఆ శనివారం ఉదయం ఆమె అంగడికి వెళితే, అంగడాయన కమీషను పోను నూట తొంభై ఎనిమిది లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. ఆమె తీసుకోకుండా వచ్చి మా అరుగు మీద కూర్చుంది. "తాతా, ఇంకా నూరు ఎవురిని అడగల్ల? తాళి ఒకటే మిగిలి ఉండాది," అంది.

మా తాతయ్య బడిపంతులుగా పని చేసి విరమించినవారు. రోజూ పఠనాలయానికి వెళ్ళి పత్రిక చదివేవారు. ఆయన ఆమెను ఓదార్చలేదు, అంగడాయనను తిట్టనూ లేదు. నా పలక అడిగి తీసుకుని ఏడున్నరను నాలుగు డెబ్బై ఆరుతో భాగించారు. ఎండ తగ్గాక ముగ్గురమూ బయలుదేరాము. అక్క చంకలో పిల్లవాడు ఉన్నాడు.

అంగట్లో ఇద్దరు బేరగాళ్ళు ఉంటే, వాళ్ళు వెళ్ళేదాకా తాతయ్య మెట్టు దగ్గరే నిలబడ్డారు. ఆయన్ని చూసి అంగడాయన నవ్వాడు. "అయ్యోరు మా అంగడికి వచ్చినారంటే ఈ పొద్దు వాన తప్పదు."

"వానకు ముందే పని సూసుకుందామని వచ్చినా అప్పా. కొలంబోలో ఒకరికి రెండు నూర్లు అందల్ల. ఈడ నేనెంత కట్టల్ల?"

"మీరు పేపరు సదివేవాళ్ళు, మీకు తెలీందా? మన రూపాయి దిగిపోయింది గదా. ఆడ రెండు నూర్లు ఇయ్యాలంటే ఈడ మూడు నూర్ల పదైదు పెట్టల్ల. కమీషను వేరే."

తాతయ్య తల ఊపారు. "లెక్క సరిపోయింది. అదే లెక్క ఈ బిడ్డకూ వెయ్యప్పా. ఈమె మొగుడు ఆడ కట్టింది రెండు నూర్లే."

అంగడాయన భుజం మీది తువ్వాలు తీసి, శుభ్రంగానే ఉన్న బల్లను ఒకసారి తుడిచాడు. "పాత అలవాటు అయ్యోరూ. ఇన్నేండ్లూ రూపాయికి రూపాయే గదా," అన్నాడు, అక్క వైపు చూడకుండా.

"అవును మరి. మీ నాయన కాలం నాటి అలవాటు మూడు వారాల్లో పోతాదా? నీ కమీషను నువ్వు పట్టుకో. అది నీ కష్టం."

తిరిగి వస్తుండగా అక్క మెల్లగా అడిగింది. "వాడు తెలిసే చేసినాడా తాతా?"

"అది వాని కడుపులో ఉండాది. మనకు కావల్సింది రేటు, వచ్చింది. దొంగా అని ఉంటే రేపట్నించి ఆ నాలుగిండ్లకు కొలంబో దుడ్లు యాడనుంచి వస్తాయి?"

ఆ మాటలోని బరువు నాకు ఆ వేళ అందలేదు. 1967 నవంబరులో సిలోన్ కూడా తన రూపాయి విలువ తగ్గించింది. అక్కడి నూరుకు ఇక్కడ నూట ఇరవై ఆరు అయింది. ఈసారి ఎవరూ అడగక ముందే, కొత్త రేటు ఇదీ అని అంగడాయనే మా వీధికి కబురు పంపాడు. ఒక మనిషిని దొంగను చేయకుండా సరిచేయవచ్చునని నాకు అప్పుడు అర్థమైంది. ఇప్పుడు మన రూపాయికే అక్కడివి మూడుకు పైగా వస్తున్నాయి. ఆ తక్కెడ ఎటు మొగ్గినా తాతయ్య పద్ధతి మాత్రం నేను వదల్లేదు. బంగారం కొట్టులోనైనా, బ్యాంకు కిటికీ దగ్గరైనా, కొనే ధర విని ఊరుకోను. నేనే అమ్మవచ్చానంటే ఎంతిస్తారని కూడా, గొంతు పెంచకుండా, అడుగుతాను.

ఆ సాయంత్రం కమీషను మూడు రూపాయల పదిహేను పైసలు పోను, అక్క కొంగులో ముడి వేసుకున్నది మూడువందల పదకొండు రూపాయల ఎనభై ఐదు పైసలు.